జేబులో మిగిలిన పిన్ను

కళ్ళద్దాల షాపులో కూర్చునే ఆ పెద్దమనిషి అసలు పేరు వీధిలో ఎవరికీ పట్టలేదు. అందరికీ ఆయన 'మళ్ళీచూడు'. ఎదురుగా అనరు, వెనక అంటారు. వెనక అంటారని ఆయనకీ తెలుసు. కళ్ళజోడు కాడకి ఆవగింజంత స్క్రూ బిగించి ఇస్తాడా, పుచ్చుకున్నవాడు గుమ్మం దిగేలోగా "ఒక్కసారి ఇటివ్వండి, మళ్ళీ చూస్తాను" అంటాడు. చూసి ఇస్తాడు. ఈసారి వాడు కళ్ళకి పెట్టుకున్నాక ముక్కు మీదనుంచే తీసుకుని ఇంకోసారి చూస్తాడు. "స్క్రూ లూజు నా కళ్ళజోడుకి కాదండీ, ఈయనకి" అని ఒక బడిపంతులు అన్న మాట ఆ వీధిలో చాలాకాలం తిరిగింది.

ఇంట్లోనూ అదే వరస. తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కి వెళ్ళి లాగి చూస్తాడు. గ్యాసు కట్టేశానో లేదోనని బస్టాండు దాకా పోయి తిరిగొచ్చిన రోజులున్నాయి. బస్సు వెళ్ళిపోయేది, గ్యాసు కట్టేసే ఉండేది. "నన్ను చేసుకునేముందు ఎన్నిసార్లు చూసుకున్నారో గానీ, చేసుకున్నాక మాత్రం ఇటు చూడ్డమే మానేశారు" అని భార్య ఎత్తిపొడిచేది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సామెత మంచిదే గానీ ఈయన విషయంలో చెల్లలేదు. వయసులో ఉండగా ఆ ఇంట్లో ఈయనంత అజాగ్రత్త మనిషి లేడు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అన్నయ్య చెప్పు తొడుక్కుని సినిమాకి పోయిన రకం. ఆ పాతబుద్ధి ఎప్పుడు పోయిందో, ఎందుకు పోయిందో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇల్లు అన్నదమ్ములది. కింద వాటాలో వదిన, ఆవిడ కూతురు. పై వాటాలో ఈయన, భార్య. పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డులో టార్పాలిన్ కింద అన్నయ్య కారు. మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాలంటే ఆ షెడ్డు ముందునుంచే వెళ్ళాలి. ఆయన ఎప్పుడూ తల అటు తిప్పేవాడు కాదు. ఎండ కాస్తే రేకులు టప్పుమని మోగేవి. ఎవరో పానా కింద పెట్టినట్టుండేది. వాన పడితే టార్పాలిన్ మీద నీళ్ళు కారే చప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించేది. ఆ తర్వాత తప్పకుండా ఒక మాట వినపడేది. "వేశావా?"

దెయ్యాలంటే నమ్మని మనిషి. కానీ ఆ మాట వినపడేది. దాన్ని ఏమనాలో ఆయనకి తెలియలేదు, భయపడటం మాత్రం మానలేదు.

అన్నయ్య నీళ్ళ సరఫరా ఆఫీసులో పటాలు గీసేవాడు. సెలవురోజు వస్తే ఇంట్లోవాళ్ళకి ఆయన మొహం కన్నా కాళ్ళే ఎక్కువ కనిపించేవి, కారు కిందనుంచి బయటికి చాచి. ఆ కారు అప్పటికే ముసలిది. గుండ్రటి వీపు, కప్ప కళ్ళలాంటి లైట్లు. కారు ఆయన్ని మోసిన దూరం కన్నా ఆయన కారుని నెట్టిన దూరమే ఎక్కువని వీధిలో నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. నవ్వి మళ్ళీ కిందకి దూరేవాడు.

ఒకసారి స్టీరింగు ఆట ఎక్కువైంది. చక్రం ఇటు తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని అటు తిరిగేది. ముందు భాగం మొత్తం విప్పాలన్నాడు అన్నయ్య. రబ్బరు బుష్షులు, బాల్ జాయింట్లు, స్టీరింగు రాడ్డు చివర్లు అన్నీ కొత్తవి తెచ్చాడు. స్ప్రింగుల దగ్గరికి తమ్ముణ్ణి రానివ్వలేదు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మనిషి మిగలడు. చక్రాలకి రాడ్డు కలిపే చివర్లు మాత్రం అప్పజెప్పాడు. పని చిన్నదే. జాయింటు కాడని రంధ్రంలో కూర్చోబెట్టి, కిరీటంలా గాళ్ళున్న నట్టు బిగించాలి. నట్టు గాడిలోంచి, కాడకున్న చిల్లులోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి దాని రెండు కాళ్ళూ విడదీసి వంచెయ్యాలి. ఆ పిన్ను ఉంటే నట్టు కదలదు. లేకపోతే బండి కుదుపులకి కొంచెం కొంచెంగా తిరిగి, ఏదో ఒక రోజున ఊడి, చేతిలో స్టీరింగు ఉండగానే చక్రం తనిష్టం వచ్చిన దారి పడుతుంది.

కుడి పక్కది తమ్ముడు వేశాడు. అది బాగా గుర్తు. ఎడమ పక్క నట్టు బిగించాడు, అదీ గుర్తు. అంతలో సినిమాకి రమ్మని గేటు దగ్గర స్నేహితుడు ఈల వేశాడు. ఈయన చేతులు తుడుచుకుంటుంటే కారు కిందనుంచి అన్నయ్య గొంతు వచ్చింది. "ఆ పిన్ను వేశావా?"

"వేశాను" అన్నాడు తమ్ముడు, అప్పటికే గేటు దగ్గరికి నడుస్తూ.

మర్నాడు పొద్దున్నే బండి ఎలా ఉందో చూసొస్తానని అన్నయ్య బయల్దేరాడు. కల్వర్టు మలుపు దగ్గర కారు ఎడమకి వెళ్ళి రాతిగోడకి కొట్టుకుంది. పాలవ్యాను అతను చూశాడు. కుక్క అడ్డొచ్చిందని, తప్పించబోయారని చెప్పాడు. అందరూ ఆ మాటే అనుకున్నారు. అనుకోవడానికి అందులో కష్టమేమీ లేదు.

చావింటి హడావిడి సద్దుమణిగాక, తమ్ముడు ఆరోజు తొడుక్కున్న చొక్కా బకెట్లో ముంచితే అడుగున టింగుమంది. జేబు తడిమి చూశాడు. స్ప్లిట్ పిన్ను. కొత్తది, కాళ్ళు వంచనిది.

ప్యాకెట్లోంచి రెండు తీశాడా, మూడు తీశాడా? ఎవరు లెక్కపెట్టారు. మూడైతే ఇది మిగిలింది. రెండైతే... ఆ బకెట్ ముందు కూర్చున్నవాడు లేచేసరికి ఇంకో మనిషి అయిపోయాడు. వీధికి 'మళ్ళీచూడు' పుట్టింది ఆ నీళ్ళలోనే.

విరిగిన కారుని తాళ్ళతో లాక్కొచ్చి, చితికిన ఎడమ పక్క గోడకి ఆనేలా షెడ్డులోకి తోశారు. వదిన అమ్మనివ్వలేదు. ఈయన దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళి చెయ్యి దూర్చి తడిమితే తేలిపోయేదే. తేలనంతకాలం వేశాననుకోవచ్చు కదా. లోకంలో ప్రతిదీ మళ్ళీ చూసే మనిషి ఆ ఒక్కటి ఒక్కసారి కూడా చూడలేదు. పిన్నుని మాత్రం షాపులో ఒక పాత కళ్ళజోడు పెట్టెలో దాచాడు. పిరికివాడనండి, పాపం అనండి, రెండూ నిజమే.

అప్పుడు తప్పటడుగులు వేస్తున్న అన్నయ్య కూతురు ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో జనానికి బండి నేర్పుతోంది. తల్లి నోటి పదును, తండ్రి చేతి వాటం రెండూ వచ్చాయి. ఒకరోజు సాయంత్రం పై వాటాకి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, నాన్న కారు బాగుచేద్దామనుకుంటున్నా."

"అదెందుకమ్మా, తుప్పు పట్టిపోయింది. దానికి పెట్టే కష్టంతో కొత్తది వస్తుంది."

"తుప్పు గీకితే పోతుంది. ముందు స్టీరింగు, సస్పెన్షను విప్పుతా. బండి తిన్నగా నడవాలంటే అక్కడే మొదలెట్టాలిగా."

ఇంజన్‌తో మొదలెట్టొచ్చుగా, సీట్లతో మొదలెట్టొచ్చుగా అని అడగబోయి ఊరుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుందని. "నువ్వూ రావాలి బాబాయ్, నాన్నతో చేసింది నువ్వేగా" అంది అమ్మాయి.

టైర్లలో గాలి కొట్టించి, పక్కింటివాళ్ళని పిలిచి, కారుని షెడ్డు మధ్యకి లాగించింది. జాకీ ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టింది. కుడి పక్కతో మొదలెట్టారు. వదిన షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో జీవితమంతా ఇతరుల మాటలు కలిపిన మనిషి, తన మాటలు మాత్రం పొదుపుగా వాడేది. ఆ రోజుల్లో ఎందుకో నోరు విప్పింది. చివరి సాయంత్రం కథ మళ్ళీ చెప్పింది. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథే.

"స్టవ్వు దగ్గర ఉన్నాను. గ్రీజు చేతులతో వెనకనుంచి వచ్చి నా సిగలోంచి పిన్ను ఒకటి లాక్కుని పారిపోయారు. జుట్టంతా వీపు మీద పడింది. చిన్నపిల్లాడా ఏమిటి అని తిట్టాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అంతే, మళ్ళీ నాతో సరసమాడింది లేదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ చెయ్యి దానంతటదే వెనక్కి, నెరిసిన చిన్న ముడి దగ్గరికి పోయేది. ఈయన తల వంచుకుని పానా తుడిచేవాడు. ఆ చివరి సాయంత్రాన్ని చివరిది చేసినవాణ్ణి నేనే కదా అని లోపల పొడుచుకునేది.

కుడి చక్రం వెనక నట్టు కనిపించింది. తుప్పు కింద పిన్ను, దాని కాళ్ళు అడ్డదిడ్డంగా వంచి.

"ఇదెవరి పని బాబాయ్, కోడి కెలికినట్టుంది" అని నవ్వింది అమ్మాయి.

"నాదే."

"ఎడమది రేపు. మడ్‌గార్డు చక్రం మీదకి నొక్కుకుపోయింది, కోసి తియ్యాలి."

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయి డ్రైవింగ్ స్కూల్లో ఉంది, వదిన నిద్రపోతోంది. ఆయన షాపుకి తాళం వేసి వచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ తాళం లాగి చూడలేదు. జేబులో ఆ పిన్ను ఉంది.

ఏం చెయ్యబోతున్నాడో ఆయనకి స్పష్టంగా తెలుసు. చితికిన రేకు సందులోంచి చెయ్యి దూర్చి, చిల్లు తడిమి, ఖాళీగా ఉంటే ఈ పిన్ను దూర్చేస్తాడు. సాయంత్రం అమ్మాయి విప్పుతుంది. పిన్ను ఉంటుంది. కథ ముగుస్తుంది. దొంగలా షెడ్డులోకి వెళ్ళి, నేలమీద పడుకుని, కారు కిందకి జరిగాడు.

లోపల పాత గ్రీజు వాసన. అన్నయ్య చొక్కాల వాసన అదే. చెయ్యి చాచాడు. రేకు అంచు మోచేతికి గీసుకుంది. వేళ్ళు ఇంకా నట్టు దాకా చేరలేదు. పైన రేకు టప్పుమంది. స్టాండ్ల మీద కారు సన్నగా మూలిగింది. ఎవరో పైన సీట్లో సర్దుకుని కూర్చున్నట్టు.

"వేశావా?"

ఈసారి చెవిలో కాదు, మొహానికి ఎదురుగా, వేడిగా అన్నట్టనిపించింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పిన్ను జారి ఎక్కడో పడింది. వెతికాడు. అరచేతులతో నేలంతా తడిమాడు. మట్టి, తుప్పు పొట్టు, పాత ఆకులు. దొరకలేదు. దొరకనివ్వడు, అన్నయ్య దొరకనివ్వడు అనుకున్నాడు. అనుకుని పసివాడిలా ఏడ్చాడు.

"ఏం వెతుకుతున్నావు బాబాయ్?"

అమ్మాయి త్వరగా వచ్చేసింది. వెనకాల నిద్రలేచిన వదిన. ఆయన దుమ్ము కొట్టుకుపోయి బయటికొచ్చాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ ఓర్చుకున్నాడు. ఇంక చల్లకొచ్చి ముంత దాచడమెందుకు. ఆ నేలమీదే కూర్చుని చెప్పేశాడు. ఈల, గేటు, "వేశాను" అన్న మాట, బకెట్ అడుగున చప్పుడు. చివరికి ఇప్పుడు ఎందుకు దూరాడో అదీ చెప్పాడు.

"వదినా, కుక్క కాదేమో. నేనేమో."

వదిన మొహం చూడ్డానికి ఆయనకి ధైర్యం లేకపోయింది.

"అందుకా," అంది ఆవిడ, "ఇన్నేళ్ళూ నా వాటాకి వస్తే గుమ్మం దగ్గరే నిలబడ్డావు. మా ఆయన పోయాక నేనంటే గిట్టక అనుకున్నాను."

ఆవిడ కోపంగా అనలేదు. అదే ఆయన్ని ఎక్కువ కోసింది. అమ్మాయి అటూ ఇటూ చూసి, మడ్‌గార్డు కోసే రంపం తీసుకుంది. "విప్పుదాం" అంది.

"వద్దులేవే" అంది వదిన.

"వద్దనకు వదినా. విప్పనియ్యి. నాకు తెలియాలి."

రేకు కోసే చప్పుడు పళ్ళు పులిసేలా ఉంది. కోసిన ముక్క నేలమీద పడింది. చక్రం విప్పారు. రాడ్డు విల్లులా వంగిపోయి ఉంది. కానీ దాని చివర జాయింటు చక్రాన్ని పట్టుకునే ఉంది, ఊడలేదు. అమ్మాయి నట్టు మీద బ్రష్షుతో గీకి, గుడ్డతో తుడిచి, లైటు దగ్గరికి పెట్టి ఆగిపోయింది.

"బాబాయ్, పిన్ను ఉంది. కానీ ఇదేం పిన్ను?"

ఆయన మోకాళ్ళ మీద జరిగి వచ్చాడు. చిల్లులో ఏదో ఉంది. సన్నటి నల్లటి తీగ. రెండు కాళ్ళు, కాళ్ళ మధ్యలో అలలు తిరిగినట్టు వంపులు. చివర్లు శ్రద్ధగా నట్టు చుట్టూ ఒద్దికగా తిప్పి, అణిచి ఉన్నాయి. కోడి కెలికిన పని కాదది. పటాలు గీసే చేతి పని.

మొట్టమొదట గుర్తుపట్టింది వదిన. కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి చూసింది. చెయ్యి వెనక్కి, ముడి దగ్గరికి పోయింది.

"నా తలపిన్ను" అంది.

ఆ సాయంత్రం తమ్ముడు గేటు దాటాక అన్నయ్య ఎడమ పక్కకి జరిగి చూసి ఉంటాడు. చిల్లు ఖాళీగా ఉంది. ప్యాకెట్ దులిపి ఉంటాడు, పిన్ను లేదు. అది తమ్ముడి జేబులో సినిమా చూస్తోంది. వంటింట్లోకి వెళ్ళి భార్య సిగలోంచి పిన్ను లాక్కొచ్చి వేసి ఉంటాడు, రేపు కొత్తది వేసేదాకా ఆగుతుందిలే అని. అది ఆగింది. గోడకి కొట్టుకున్నాక కూడా ఆగింది. కుక్కే అడ్డొచ్చింది.

తమ్ముడు ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు ఆయన. అన్నం తిన్నావా అని మాత్రం అడిగాడు.

"నన్ను నమ్మలేదు వదినా," అన్నాడు ఈయన. "అన్నయ్య నా మాట నమ్మలేదు. వెళ్ళి చూసుకున్నాడు." ఇన్నేళ్ళూ అన్నయ్య తనని నమ్మి చచ్చిపోయాడనుకున్నాడు. నమ్మలేదని తెలియడం కన్నా గొప్ప వరం ఆ క్షణంలో ఆయనకి ఇంకేదీ లేదు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

కాసేపటికి గానీ వదిన వైపు చూడాలని తోచలేదు. ఆవిడకున్న ఒకే ఒక్క సరసం, ఇన్నేళ్ళు ముడి తడుముకుంటూ దాచుకున్నది, నట్టుకి పిన్ను దొరక్క చేసిన పని అని తేలిపోయింది. తన బరువు దిగడానికి ఆవిడ చేతిలోది ఊడలాక్కున్నట్టయింది.

"క్షమించు వదినా."

"దేనికి? పిన్నే కావాలంటే నా తలపిన్నులు డబ్బాలో బోలెడుండేవి. సిగలోంచి లాక్కున్నారుగా" అంది ఆవిడ. అని కాస్త నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. అమ్మాయి చేత ఆ తీగ మెల్లిగా తీయించుకుని, తుప్పు తుడిచి, కొంగు చివర ముడి వేసుకుంది.

ఆ తర్వాత పని సాగింది. వంగిన రాడ్డు పోయి కొత్తది వచ్చింది. బుష్షులు, జాయింట్లు, షాకబ్జార్లు మార్చారు. బుష్షుల బోల్టులు మాత్రం అమ్మాయి వదులుగానే ఉంచింది. బండి గాల్లో ఉండగా బిగిస్తే, కిందకి దిగాక రబ్బరు మెలితిరిగి, ఉన్నంతకాలం అలాగే నలుగుతుంది. బరువు నేలమీద పడ్డాకే బిగించాలి. అన్నయ్య కూడా అదే చెప్పేవాడు. ఆయన వింటూ, తనని ఎప్పుడు బిగించేశారో తలుచుకున్నాడు.

నేల ఊడుస్తుంటే పాత పిన్ను దొరికింది, స్టాండు పక్కనే, కళ్ళ ఎదుటే. ఎడమ చక్రం నట్టుకి అదే వేస్తానన్నాడు. అమ్మాయి కాదనలేదు. చిల్లులో దూర్చి, కాళ్ళు విడదీసి, ఒద్దికగా అణిచాడు. చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచాడు.

కారు కిందనుంచి గొంతు వచ్చింది. పాత గ్రీజులోంచి, రేకుల కిందనుంచి, అదే మాట.

"ఆ పిన్ను వేశావా?"

నిలబడిపోయాడు. టార్చి పట్టుకుని కింద పడుకున్న అమ్మాయి కాళ్ళు బయటికి చాచి ఉన్నాయి, అచ్చం తండ్రిలా.

"వేశానమ్మా" అన్నాడు. అని వెనక్కి వచ్చి, ఆ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నా మాట నమ్మకు. జరిగి చూసుకో."